ఏడో పుస్తకంలో నాలుగు గడులు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, అమ్మాయి, నేను ముగ్గురం తిరుగుతూ తింటూ బాగానే ఉన్నాం. ఆ మంచులో మీరూ, మీతో ఉన్న పదిహేనుమందీ, మీ పెంగ్విన్లూ కూడా అలాగే ఉన్నారని అనుకుంటున్నాను.

కవరు మీద ఎర్ర సిరాతో రాసింది చూసే ఉంటారు. విమానం తిరిగి లేచేలోగా ఈ ఉత్తరం చివరిదాకా చదవండి. సామాను దించడానికీ ఇంధనం పోయడానికీ మూడు గంటలు పడుతుందని మీరే రాశారు. కళ్ళజోడు వెతుక్కునే పని లేకపోతే దీనికి పావుగంట చాలు. ముఖ్యమైన సంగతి మొదట్లోనే రాసెయ్యొచ్చు. రాస్తే అక్కడితో మడిచి జేబులో పెట్టుకుని బయటికి వెళ్ళిపోతారు. మీ సంగతి నాకు తెలియదా.

పోయిన ఉత్తరంలో మీరు ఆరు ప్రశ్నలు అడిగారు. మీరు అడిగిన వరుసలోనే జవాబులు రాస్తున్నాను.

అత్తయ్యగారి మోకాలు నయం. వాపు పూర్తిగా పోయింది, మెట్లు మాత్రం ఒక్కొక్కటే దిగుతున్నారు. డాక్టరు రోజుకు ఇరవై నిమిషాలు నడవమన్నాడు. ఆవిడ వరండాలో పది నిమిషాలు నడిచి, “మిగతా పదీ మనసులో నడిచాలేవే” అంటున్నారు. నేను ఇంటి పుస్తకంలో పది అనే రాస్తున్నాను.

వంటింటి గోడ చెమ్మ సంగతి. ప్లంబరు వచ్చి గోడ లోపలి పైపు మార్చాడు. ఆ పైపు వేసి ఆరేళ్ళు కూడా అయినట్టు లేదు, ఇంత త్వరగా పోయిందేమిటని అతను ఆశ్చర్యపోయాడు.

“తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు. మీరే వేశారు,” అన్నాను.

“నేనా? ఇది నా పనితనం కాదమ్మా.”

ఇంటి పుస్తకం తెచ్చి చూపించాను. తేదీ, పైపు కొలత, అతని పేరు అన్నీ ఉన్నాయి. ఆ రోజు అతనికి జలుబు చేసిందనీ, కషాయం ఇచ్చాననీ కూడా ఉంది. అతను రెండుసార్లు చదువుకుని, “మీ ఇంట్లో పని చేస్తే పోలీస్ స్టేషన్లో చేసినట్టుందమ్మా,” అన్నాడు. గోడ ఇంకా ఆరుతోంది.

అమ్మాయి కారు పరీక్ష మూడోసారి కూడా తప్పింది. వెనక్కి తీసేటప్పుడు స్తంభాన్ని పడగొట్టింది. ఆ స్తంభం ఉండాల్సిన చోట లేదని దాని వాదన. చదువు మాత్రం బాగానే సాగుతోంది.

పెన్సిళ్ళు లావు ములుకువి రెండు డజన్లు ఈ విమానంలోనే పంపాను. ఆ చలికి సిరా గడ్డకడుతుందని కొత్తగా వచ్చినవాళ్ళకు మీరు ముందే చెప్పరా? ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఖరీదైన పెన్ను పాడు చేసుకున్నారని రాస్తారు.

స్నానాలగది కిటికీ మీది పావురాలు రెండు గుడ్లు పెట్టాయి. ఒకటి పిల్లయింది. రెండోది చల్లబడిపోయినట్టుంది, తల్లి దాన్ని పక్కకు తోసేసింది. తేదీలు వెనక పేజీలో రాశాను. “పక్షుల్ని లెక్కపెట్టడానికి వాడు అంత దూరం పోవాలా? ఇక్కడ కిటికీ తీస్తే చాలదూ?” అని అత్తయ్యగారు రోజూ ఒకసారి అంటారు. ఆ మాట కూడా మీకు చేరవెయ్యమన్నారు.

ఇక ఆరో ప్రశ్న. అది ప్రశ్న కూడా కాదు, మీరు పంపిన కాగితం. “ఈ పద్దెనిమిది రిజిస్టర్లలోని అంకెలన్నీ అసలు పుస్తకాల నుంచి ఉన్నవి ఉన్నట్టు ఎక్కించానని ధ్రువపరుస్తున్నాను” అని టైపు చేయించి, కింద నేను సంతకం చేసి ఇదే విమానంలో పంపమన్నారు.

ఎందుకు కావలసి వచ్చిందో మీ ఉత్తరంలో వివరంగానే రాశారు. మీ దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి, మీరంతా పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల, భోజనాల దగ్గర అందరిముందూ ఏడో పుస్తకం మీద అనుమానం లేవనెత్తింది. మొదటిసారి వాన పడిన ఆ ఏడు పల్లంలోని గూళ్ళ గుంపులు, మీ వాడలన్నీ, దెబ్బతిన్నాయి, మిట్ట మీద ఉన్న నాలుగు వాడలూ చెక్కుచెదరలేదు. మరుసటేడు వాన తక్కువే. అప్పుడు మాత్రం ఆ నాలుగూ ఒక్కసారిగా సగానికి పడిపోయాయి. అదెలా కుదురుతుందని ఆమె అడిగింది.

“సార్, ఆ ఏడాది తొమ్మిదో వాడలో పిల్లలున్న గూళ్ళు నూట ముప్పై దాటి ఉండవు. రెండు వందల పదిహేను ఎక్కడిది? అసలు పుస్తకం ఎవరైనా చూశారా?” అందట.

“మా ఆవిడ చూసింది. ఇంకెవరూ చూడక్కర్లేదు,” అన్నారట మీరు. అందరూ నవ్వారట. ఆమె మాత్రం నవ్వలేదట. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే అడిగిందనీ, ఇలా అంకెల్నే నమ్మని మనిషితో పని చేయలేననీ, వచ్చే విమానంలో ఆమెను వెనక్కి పంపేస్తున్నాననీ రాశారు. ఆమె రెండున్నరేళ్ళ పని అక్కడితో ఆగిపోతుందని కూడా మీరే రాశారు. రాసి, ఆ పక్క వాక్యంలోనే పెన్సిళ్ళు అడిగారు.

ఆ విమానం ఇదే కదా.

నేను ఆ కాగితం మీద సంతకం చేయలేదు. చేయలేను. ఎందుకో చెబుతాను.

మీ చేతిరాత చలికి వేళ్ళు మొద్దుబారి, పైగా తొడుగుల మీంచి రాసింది. మీ ఆఫీసులో ఎవరికీ అర్థం కాదు. మీ ఏడు ఒకటిలా ఉంటుంది, ఒకటి ఒక్కోసారి నాలుగులా ఉంటుంది. పెళ్ళయిన నాలుగో ఏడు, “నువ్వు చదవగలవా చూడు” అని మొదటి పుస్తకం నా ఒళ్ళో పెట్టారు. అప్పటినుంచీ మీరు అక్కడ రాసేది, ఇక్కడ నేను మంచి చేతిరాతతో రిజిస్టరులోకి ఎక్కించేది. రిజిస్టరు ఆఫీసుకు వెళుతుంది, అసలు పుస్తకం మన అటక మీది పెట్టెలోకి వెళుతుంది. గూళ్ళ గుంపుల్ని మీరు వాడలన్నారు, నేనూ వాడలనే రాశాను. పద్నాలుగు వాడలూ నాకు మన వీధి కంటే బాగా తెలుసు. గులకరాళ్ళు పేర్చి గూడు కడతాయని, పక్కవాడి గూట్లో రాళ్ళు ఎత్తుకొస్తాయని నవ్వుకుంటూ ఎక్కించేదాన్ని.

మొదటి ఆరు రిజిస్టర్లలో గాలి, మంచు, ఎండ అని మూడు నిలువు వరసలే ఉండేవి. వాన అనే వరస లేదు. అక్కడ వాన పడదని మీరే అన్నారు. ఏడో పుస్తకంలో మొదటిసారి “వాన, నాలుగు గంటలు” అని చూసి, ఇది మీ చేతిరాతేనా, లేక నేను తప్పు చదువుతున్నానా అని పేజీని వెలుతురుకేసి పట్టి చూశాను. తర్వాత స్కేలు పెట్టి ఆ రిజిస్టరులో కొత్త వరస గీశాను. అప్పటినుంచీ ఆ వరస ఏ ఏడూ ఖాళీగా లేదు. మంచు పడితే పిల్లలు దులుపుకుంటాయి, వాన పడితే నూగు తడిసిపోయి చలికి చచ్చిపోతాయని తర్వాత మీరు చెబితే తెలిసింది.

ఆ ఏడో పుస్తకం ఓడలో మీకంటే రెండు నెలలు ముందు వచ్చింది. సామాను కింద నలిగి, పేజీలు వంకర తిరిగి ఉంది. అంతకుముందు ఆరు పుస్తకాలకూ నేను చేసిన పని మీకు తెలుసు. పేజీ మీద పలచటి గుడ్డ పరిచి, ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా పెట్టి, ఒక్కో పేజీ సాపు చేసి అప్పుడు ఎక్కించేదాన్ని. మీరే మీ తోటివాళ్ళకు గొప్పగా చెప్పుకున్నారు, మా ఆవిడ మా పుస్తకాలకు ఇస్త్రీ చేస్తుందని.

ఆ వారమే మన అమ్మాయికి జ్వరం నూట మూడు దాటింది. ఎనిమిదేళ్ళ పిల్ల. గంటగంటకూ థర్మామీటరు పెట్టి రాస్తున్నాను. మధ్యలో ఖాళీగా కూర్చుంటే భయమేస్తుందని పుస్తకం ముందేసుకున్నాను. ఆ ఏడు మీకు కొత్తరకం పుస్తకాలు ఇచ్చారని, నీళ్ళకు తడవని ప్లాస్టిక్ కలిసిన కాగితమని నాకు తెలియదు. చేతికి నున్నగా తగిలింది. తగిలినా పట్టించుకోలేదు. పిల్ల “అమ్మా” అంది. ఇస్త్రీపెట్టె అక్కడే పెట్టి లేచాను. తిరిగి వచ్చేసరికి గుడ్డ కింద పేజీ ముడుచుకుపోయి ఉంది. దాని కింద పేజీ కూడా అంటుకుని ముడుచుకుంది. అరచేయంత కాగితం అగ్గిపెట్టెంత అయింది.

ఆ రెండు పేజీల మీదే మిట్టవాడలున్నాయి. తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు.

రిజిస్టరులో అన్నీ ఎక్కించాక ఆ నాలుగు గడులూ తెల్లగా మిగిలాయి. రెండు రోజులు అలాగే చూశాను. నా జన్మలో నేనొక గడి ఖాళీగా వదల్లేదు. పాలవాడు రాని రోజు కూడా ‘రాలేదు’ అని రాస్తాను. మూడో రోజు ఆరో రిజిస్టరు తీసి, ముందటేటి అంకెలు చూశాను. రెండు వందల పన్నెండు, నూట ఎనభై ఎనిమిది, నూట అరవై నాలుగు, రెండు వందల నలభై. ఒక్క ఏడాదిలో ఏం మారుతుందిలే అనుకున్నాను. అచ్చంగా అవే వేస్తే మీరు గుర్తుపడతారని తొమ్మిదో వాడకు మూడు కలిపాను, పదికి నాలుగు తీశాను, పదకొండుకు రెండు కలిపాను, పన్నెండుకు మూడు తీశాను.

పేజీ కాలిపోవడం పొరపాటే. ఈ కలపడం, తీయడం మాత్రం పొరపాటు కాదు. తెలిసే చేశాను.

మీరు వచ్చాక చెబుదామనే అనుకున్నాను. మీరు రిజిస్టరు తెరిచి, “ముత్యాల్లా రాశావు” అన్నారు. మిట్టవాడల దగ్గర ఆగి, “ఇవి కూడా తడిసి దెబ్బతిన్నట్టు గుర్తుందే నాకు” అన్నారు. నేను గ్లాసులు కడుగుతున్నాను. కొళాయి కట్టేసి చెప్పడానికి ఒక్క క్షణం చాలు. ఈలోగా మీరే, “సరేలే, అంకెలున్నాయిగా, నా గుర్తుదేముంది” అని పేజీ తిప్పేశారు. నేను కొళాయి కట్టలేదు.

తర్వాత ఆ నాలుగు అంకెల మీదే మీరు అంత పెద్ద వ్యాసం రాశారు. ఎత్తులో ఉన్న గూళ్ళు మొదటి వానను తట్టుకుంటాయని, అందుకని ముందు పల్లపు గూళ్ళ సంగతి చూస్తే చాలని. తర్వాత అచ్చయిన మీ పుస్తకం ముందుమాటలో, ఒక్క అంకె తప్పు పోనివ్వని చెయ్యి అని నా గురించి రాశారు. ఆ పేజీ అత్తయ్యగారు వచ్చిన ప్రతివాళ్ళకూ చూపిస్తారు. అది చూపించినప్పుడల్లా నేను వంటింట్లోకి వెళ్ళిపోతాను. సిగ్గనుకుంటారు.

పోయిన ఆదివారం ఫోనులో చెబుదామని కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. “త్వరగా చెప్పు, నా వెనక వంటాయన కాచుకుని ఉన్నాడు” అన్నారు మీరు. గోడ ఆరుతోందని చెప్పి పెట్టేశాను. అయినా ఇది ఫోనులో తేలే సంగతి కాదు. ఆ కాగితం మీ చేతికి రావాలి.

అవును, కాగితం ఉంది. పారేయలేదు. అప్పుడే కవర్లో పెట్టి, తేదీ వేసి, “ఏడో పుస్తకం, ఇస్త్రీలో పాడైన రెండు పేజీలు, తప్పు నాది” అని రాసి పెట్టెలో అడుగున పెట్టాను. ఇంటి పుస్తకంలో కూడా ఆ తేదీ కింద అదే ఉంది. పదకొండేళ్ళుగా నా పుస్తకంలో ఒకటి, మీ రిజిస్టరులో ఒకటి ఉన్నాయి. ఈ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే నా బండారం బయటపడేది. ఎవరూ చూడలేదు. నా మీద అంత నమ్మకం మీ అందరికీ.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు అటక ఎక్కి ఆ కవరు దించాను. అమ్మాయిని పిలిచి అంతా చెప్పాను. అది స్టూలు మీద కూర్చుండిపోయింది.

“అమ్మా, నువ్వా? నా పరీక్ష కాగితంలో ఒక్క కొట్టివేత ఉన్నా ఒప్పుకోని నువ్వా?”

“నేనే.”

“నా జ్వరం వల్లనా?”

“నీ జ్వరం పేజీని కాల్చింది. అంకెలు వేసింది నేను. అప్పటికి నీ జ్వరం తగ్గి, నువ్వు మంచం మీద ఎగురుతున్నావు.”

“నాన్నగారికి చెబితే ఆయన పేరు పోతుందేమో” అంది.

“చెప్పకపోతే ఆ పిల్ల పని పోతుంది. ఆమె తప్పేముంది?” అన్నాను.

“మరి ఆలోచిస్తావేం, కాగితం ఇలా తే” అంది. దానికి మీ పోలిక వచ్చింది.

కాగితం ముడుచుకున్నప్పుడు దాని మీది రాత కూడా ముడుచుకుంది, చెరిగిపోలేదు. అది నాకు ఆ రోజు తట్టలేదు. మీరు పెన్సిలు నొక్కి రాస్తారు కనుక గాడి పడింది. అమ్మాయి దీపం పక్కగా పెట్టి, ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసింది. ఆవగింజంత అంకెలు కనిపించాయి. తొమ్మిదో వాడ నూట ఇరవై ఒకటి అని చదివింది అమ్మాయి. కాదు, ఆ కర్రకు నడుమున అడ్డగీత మొదలై ఆగింది, అది మీ ఏడు. నూట ఇరవై ఏడు. పదకొండో వాడ తొంభై ఎనిమిది. పది, పన్నెండు ఉన్నచోట రెండు పేజీలూ అంటుకుని నల్లబడిపోయాయి. నాలుగు రోజులు చూశాం. పన్నెండు దగ్గర ఒక రెండు ఉన్నట్టే ఉంది. ఉన్నట్టే ఉంది కానీ ఉందని చెప్పలేను.

నూట ముప్పై దాటి ఉండవని మీ పిచ్చుక అంది. పుస్తకం చూడకుండానే అంది.

ఇంతా విన్నాక నా చదువు మాత్రం ఎలా నమ్మాలని మీకు అనిపిస్తుంది. అనిపించాలి కూడా. అందుకే ఆ కాగితమే కవరుతో సహా ఇందులో పెట్టాను. అమ్మాయి తీసిన ఫోటోలు కూడా ఉన్నాయి, వాటిని తర్వాత చూడండి. ముందు కాగితాన్ని పిచ్చుక చేతికి ఇచ్చి, మీ భూతద్దం కింద చదవమనండి. నేను చదివిన అంకెలు ఆమెకు ముందు చెప్పకండి. మీ ఏడు ఎలా ఉంటుందో మాత్రం వేరే కాగితం మీద రాసి చూపించండి.

ఆమెకు విడిగా ఒక చిన్న ఉత్తరం రాశాను, నీలం కవరు. అంటించలేదు, కావాలంటే మీరు చదవొచ్చు. క్షమాపణ నాది నేను చెప్పుకున్నాను. మీది మీరు చెప్పాలి. భోజనాల దగ్గర అందరిముందూ అన్నారు కనుక, అందరూ ఉన్నప్పుడు చెబితే బాగుంటుంది. వ్యాసం సంగతి ఎవరికి ఎలా రాయాలో మీకు తెలుసు. నా పేరు వేసి రాయండి. “ఎక్కింపులో లోపం” లాంటి మాటలు వద్దు. ఎవరు, ఎప్పుడు, ఎలా చేశారో రాయండి, నేను ఇంటి పుస్తకంలో రాసుకున్నట్టు.

మిగతా పదిహేడు పుస్తకాలూ దించి, మొదటి పుస్తకం నుంచి రిజిస్టర్ల జిరాక్సులతో సరిచూస్తున్నాను. అమ్మాయి అసలు చదువుతుంది, నేను నకలు చూస్తాను. ఇప్పటికి నాలుగు అయ్యాయి. మూడో పుస్తకంలో ఒకచోట గాలి వేగం తప్పు పడింది, అది నిజంగా పొరపాటే. మొత్తం అయ్యాక మీరు కోరిన కాగితం కొత్తగా, నా మాటల్లో రాసి సంతకం చేస్తాను. ఈ ఏటి పుస్తకం ఎక్కించడానికి నాకే పంపుతారో, ఇంకెవరికైనా ఇస్తారో మీ ఇష్టం. నాకే పంపితే పిచ్చుక కూడా వచ్చి పక్కన కూర్చుని సరిచూడాలి. ఇస్త్రీ చేయను.

మీకు కోపం వస్తుంది. రెండు రోజులు మాట్లాడకుండా మంచులో తిరుగుతారు. తిరగండి, కానీ ఇవాళ కాదు, విమానం వెళ్ళాక.

ఏడో రిజిస్టరులో అతికించడానికి కొత్త పేజీ గీసి దీనితో పంపుతున్నాను. తొమ్మిదికీ పదకొండుకీ ఎదురుగా అంకెలు వేశాను, పిచ్చుక కూడా అవే చదివితే ఉంచండి, లేకపోతే కొట్టేయండి. పదికీ పన్నెండుకీ ఎదురుగా ఏమీ రాయలేదు. స్కేలు పెట్టి గీసి, ఆ రెండు గడులూ అలా వదిలి, కలం మూతపెట్టి లేచాను. వాటిని నింపమని చేయి లాగుతూనే ఉంది.

ఇప్పుడు మీరు లేచి వెళ్ళి పిచ్చుక పెట్టె విమానంలోంచి దింపించండి. ఆమె సీటు ఖాళీగా తిరిగి వస్తుందే అని పైలట్ అంటాడేమో. రానివ్వమనండి.

ఇట్లు,
మీ రాత చదవగల
మీ భార్య